పక్క ఆపరేటర్‌తో 5.8 గిగాహెర్ట్జ్ పంచుకోవాలంటే ఏ పద్ధతి మేలు?

సాయంత్రం ఏడు దాటాక కస్టమర్ల ఫోన్లు మొదలైతే ముందు అనుమానం మనం ఇంటర్నెట్ కొనుక్కునే లీజు లైను మీదికే పోతుంది. లైను నిండిపోయిందేమో, రూటర్ వేడెక్కిందేమో అని చూస్తాం. అవి బాగానే ఉంటాయి. టవర్ మీద కస్టమర్లకి సిగ్నల్ పంపే రేడియోలో, అంటే యాక్సెస్ పాయింట్‌లో, స్పెక్ట్రమ్ స్కాన్ తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. మన ఛానెల్ మీదే ఇంకొకరి సిగ్నల్ 80 మెగాహెర్ట్జ్ వెడల్పున పరుచుకుని ఉంటుంది. అది పక్క మండలం ఆపరేటర్‌ది. ఆయన స్కాన్‌లో మనదీ అలాగే కనిపిస్తుంటుంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊళ్లకి గాలి మీద ఇంటర్నెట్ ఇస్తున్న చిన్న ఆపరేటర్ల కోసం ఇది రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆటో ఛానెల్ పెట్టి వదిలేయడం అన్నిటికంటే ఖరీదైన దారి. ఆ ప్రాంతంలో ఉన్నది ఇద్దరే అయితే ఛానెళ్లు పంచుకోండి. మూడో ఆయన వస్తే, లేదా టవర్లు మరీ దగ్గరగా ఉంటే టైమింగ్ కలుపుకోండి, అంటే అన్ని టవర్లూ ఒకేసారి పంపి ఒకేసారి వినేలా చేసుకోండి. ఏ దారి పట్టినా, టవర్ నుంచి టవర్‌కి వెళ్లే బ్యాక్‌హాల్‌ని ముందు ఈ బ్యాండ్ నుంచి బయటికి తీయండి.

చట్టం ఏమిచ్చింది, ఏమివ్వలేదు

2018 అక్టోబర్‌లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి తెరిచింది. 5150 నుంచి 5350 వరకు, 5470 నుంచి 5875 వరకు మనకి దొరికాయి. అంతకుముందు ఆరుబయట లింకులకి ఉన్నది 5825 నుంచి 5875 దాకా ఉన్న చిన్న ముక్కే. ఇలా తెరిచినదాంట్లో మనకి పనికొచ్చే భాగం పైన ఉన్న 150 మెగాహెర్ట్జ్, అంటే 5725 నుంచి 5875. యాంటెనా గెయిన్‌తో (సిగ్నల్‌ని ఒక దిక్కుకి పోగుచేయడం వల్ల వచ్చే బలంతో) కలిపి 4 వాట్ల దాకా అక్కడ పంపొచ్చు. కింద ఉన్న 5470 నుంచి 5725 లో పవర్ పరిమితి తక్కువ. కాబట్టి అది టవర్‌కి దగ్గర్లో ఉన్న కస్టమర్లకి సరిపోతుంది.

ఇచ్చినప్పుడు పెట్టిన షరతు మూడు ముక్కల్లో ఉంది: ఇతరులకి అడ్డు రాకూడదు, మీకు అడ్డొస్తే రక్షణ అడగకూడదు, బ్యాండ్ అందరిదీ. అంటే ఇద్దరూ పరిమితుల్లోనే ఉండి గొడవపడితే తీర్పు చెప్పేవాళ్లు లేరు. పక్కవాళ్లు 4 వాట్లు దాటి పంపుతుంటే వైర్‌లెస్ మానిటరింగ్ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు, అంతవరకే. బ్యాండ్‌కి లైసెన్సు అక్కర్లేదు కదా అని ఇంటర్నెట్ అమ్మడానికి కూడా అక్కర్లేదని కొందరు అనుకుంటున్నారు. అది వేరు, ఇది వేరు. ఐఎస్‌పీ (ఇంటర్నెట్ సర్వీసు) అనుమతి మీ పేరు మీదైనా ఉండాలి, లేదా అది ఉన్న కంపెనీకి మీరు ఫ్రాంచైజీ అయినా అయ్యుండాలి. రేడియోకి డబ్ల్యూపీసీ (కేంద్రంలో స్పెక్ట్రమ్ చూసే విభాగం) ఆమోదం కూడా ఉండాలి.

వేరే దేశాల్లో దీనికీ, వేలంలో కొనే స్పెక్ట్రమ్‌కీ మధ్య ఇంకో మెట్టు ఉంది. అమెరికాలో 2005లో 3650 నుంచి 3700 మెగాహెర్ట్జ్‌ని తేలికపాటి లైసెన్సు మీద ఇచ్చారు. ఎవరైనా చిన్న ఫీజుతో దేశమంతటికీ లైసెన్సు తీసుకోవచ్చు, ఎవరికీ సొంత హక్కు రాదు. కానీ ప్రతి బేస్ స్టేషన్‌నీ అందరూ చూడగలిగే రిజిస్టర్లో నమోదు చేయాలి, అడ్డొస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకుని సర్దుకోవాలి. తర్వాత ఆ ముక్క సీబీఆర్‌ఎస్ అనే పెద్ద ఏర్పాటులో కలిసింది. అక్కడ ఎవరు ఏ ఛానెల్ వాడాలో ఒక కంప్యూటర్ వ్యవస్థ చూస్తుంది. బ్రిటన్‌లో ఇదే 5.8 బ్యాండ్‌ని ఏడాదికి 50 పౌండ్ల కనీస ఫీజుతో, టెర్మినల్స్ నమోదు మీద ఇచ్చారు.

ఆ పద్ధతుల్లో నాకు నచ్చింది రిజిస్టర్. పక్క టవర్ ఎక్కడుంది, సెక్టార్లు (టవర్ మీద ఒక్కో దిక్కుకి చూసే యాంటెనాలు) ఎటు చూస్తున్నాయి, ఏ ఛానెల్ మీద ఉన్నాయి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది తెలిస్తే సగం గొడవలు ఫోన్‌లోనే తీరిపోతాయి. దాన్ని ప్రభుత్వమే పెట్టాలని లేదు. మూడు మండలాల ఆపరేటర్లు కలిస్తే ఒక షీట్‌లో పెట్టుకోవచ్చు. కింద చెప్పే ప్రతి పద్ధతికీ ఆ షీట్ కావాలి.

ఎవరికి వారు

ఇది ఎంచుకున్న పద్ధతి కాదు, ఏదీ ఎంచుకోకపోతే మిగిలేది. ఆటో ఛానెల్ మీద ఉన్న యాక్సెస్ పాయింట్ తన టవర్ మీద ఏం వినిపిస్తుందో చూసి ఖాళీగా ఉన్నచోటికి వెళ్తుంది. కస్టమర్ ఇంటి మీద డిష్‌కి ఏం వినిపిస్తుందో దానికి పట్టదు. మీ ఛానెల్ మారితే పక్కవాళ్లది మారుతుంది, మళ్లీ మీది మారుతుంది. మారిన ప్రతిసారీ కస్టమర్లంతా తెగి మళ్లీ కలవాలి.

అన్ని రేడియోలూ ఒకే మర్యాద పాటించవు కూడా. మామూలు వైఫై పద్ధతిలో నడిచేది మాట్లాడేముందు గాలి ఖాళీగా ఉందా అని వింటుంది. టైమ్ స్లాట్ల మీద నడిచేది వినదు, తన వంతు రాగానే మాట్లాడేస్తుంది. రెండూ ఒకే ఛానెల్లో ఉంటే వినేవాడే నష్టపోతాడు. తర్వాత పవర్ పెంచుకునే పోటీ మొదలవుతుంది. దాని వల్ల ఇద్దరి నాయిస్ ఫ్లోర్ (వెనక ఎప్పుడూ ఉండే రేడియో రొద) పైకి లేస్తుంది, కరెంటు ఖర్చవుతుంది, ఎవరి స్పీడూ పెరగదు.

ఛానెళ్లు పంచుకోవడం

పై 150 మెగాహెర్ట్జ్‌లో 20 మెగాహెర్ట్జ్ ఛానెళ్లు ఏడు పడతాయి. 40 అయితే మూడు. 80 అయితే ఒక్కటే. కాబట్టి 80 పెట్టిన మనిషి ఒక్కడే మండలానికి సరిపడా బ్యాండ్‌లో సగం పైగా తినేస్తున్నాడు. ఛానెల్ రెట్టింపు చేసిన ప్రతిసారీ నాయిస్ కూడా 3 డీబీ (సిగ్నల్ బలాన్ని పోల్చే కొలత; 3 అంటే రెట్టింపు) పెరుగుతుంది, దూరంగా ఉన్న కస్టమర్‌కి ఆ మేరకు లింకు బలహీనమవుతుంది. అయినా స్పీడ్ టెస్ట్‌లో పెద్ద అంకె చూపించాలని 80 పెడుతుంటారు.

ఇద్దరు ఆపరేటర్లు, ఒక్కొక్కరికి మూడు సెక్టార్లు అనుకుందాం. ఆరు ఛానెళ్లు పోగా ఒకటి మిగులుతుంది. దాన్ని ఎవరూ ముట్టకుండా మధ్యలో ఖాళీ ఉంచుకోవచ్చు. బాగా నడిచే 20 మెగాహెర్ట్జ్ సెక్టార్ వంద ఎంబీపీఎస్‌కి అటూఇటూగా లాగుతుంది. పల్లెలో ఒక సెక్టార్‌కి ఇరవై, పాతిక ఇళ్లు ఉన్నప్పుడు ఇది సరిపోతుంది. కొత్త పరికరం కొనక్కర్లేదు, రేడియోలు ఏ కంపెనీవైనా ఫర్వాలేదు, ఒక సాయంత్రం కూర్చుంటే పని అయిపోతుంది. అందుకే ఇద్దరే ఉన్నచోట నా ఓటు దీనికే.

మూడో ఆపరేటర్ రాగానే లెక్క తప్పుతుంది. తొమ్మిది సెక్టార్లకి ఏడు ఛానెళ్లు చాలవు. దగ్గరి ఇళ్లని కింద 5470 వైపు మార్చి కొంత సర్దొచ్చు గానీ దూరపు ఊళ్లకి ఆ పవర్ చాలదు.

కొంతమంది ఒకరు నిలువు, ఒకరు అడ్డం పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) తీసుకుందాం అంటారు. పాత రోజుల్లో అది మంచి ఉపాయమే. ఇప్పటి రేడియోలు రెండూ ఒకేసారి వాడి స్పీడ్ రెట్టింపు చేస్తున్నాయి. ఒకటి వదులుకుంటే సగం కెపాసిటీ వదులుకున్నట్టే. ఛానెల్ సగం చేసుకున్నా అంతే పోతుంది, ఆ పని తేలిక.

యాంటెనా దిశ, ఎత్తు, పవర్

దీన్ని విడి పద్ధతిగా కాకుండా మిగిలినవాటికి తోడుగా చూడాలి. అయినా కాస్త లోతుగా చెప్తాను, ఎందుకంటే డబ్బు ఖర్చు లేకుండా ఎక్కువ లాభం వచ్చేది ఇక్కడే.

చీపురుపల్లిలో మీ టవర్, గరివిడిలో పక్కవాళ్ల టవర్, మధ్య 5 కిలోమీటర్లు అనుకుందాం. ఆయన సెక్టార్ మీ వైపు చూస్తూ పూర్తి 4 వాట్లు పంపుతోంది. 5 కిలోమీటర్ల గాలిలో 122 డీబీ దాకా పోయినా, మీ 17 డీబీఐ గెయిన్ సెక్టార్‌కి అది మైనస్ 69 డీబీఎం (అందిన సిగ్నల్ బలం; సున్నాకి దగ్గరైన కొద్దీ ఎక్కువ) దగ్గర వినిపిస్తుంది. 3 కిలోమీటర్ల దూరంలో ఉన్న మీ సొంత కస్టమర్ మహా అయితే మైనస్ 64 దగ్గర వినిపిస్తాడు. తేడా 5 డీబీ. మంచి స్పీడ్‌కి 30 డీబీ దాకా కావాలి. అంటే టవర్‌కి ఆ కస్టమర్ మాట సరిగ్గా వినపడదు, ఆయన వీడియో చూడగలడేమో గానీ వాట్సాప్‌లో ఫొటో పంపలేడు. చాలామంది "డౌన్‌లోడ్ బాగుంది, అప్‌లోడ్ రావట్లేదు" అని ఫోన్ చేసేది ఇందుకే.

ఇప్పుడు అదే సెక్టార్ వీపు మీ వైపు ఉందనుకోండి. మామూలు సెక్టార్ వెనక వైపు 25 డీబీ దాకా తగ్గుతుంది. మైనస్ 69 కాస్తా మైనస్ 94 అవుతుంది, అది మీ నాయిస్ ఫ్లోర్‌తో సమానం. ఒక్క బోల్టు వదులు చేసి తిప్పినందుకు వచ్చే లాభం అది. పక్కవాళ్లకి మీ ఊరి వైపు కస్టమర్లే లేనప్పుడు ఆ సెక్టార్‌ని అటు చూపించి ఎవరికీ లాభం లేదు. మాట్లాడి తిప్పించండి.

ఎత్తు విషయంలో శృంగవరపుకోట వైపు కొండలు దగ్గరగా ఉన్నవాళ్లకి ఒక మాట. కొండ మీద యాక్సెస్ పాయింట్ పెడితే ఊళ్లన్నీ కనిపిస్తాయని ఆశ పుడుతుంది. ఊళ్లతో పాటు మైదానంలో ఉన్న ప్రతి ఆపరేటర్ రేడియో కూడా దానికి వినిపిస్తుంది, దీని మోత వాళ్లందరికీ చేరుతుంది. కొండని లింకులకి వాడుకోండి. కస్టమర్ల సెక్టార్లని కింద, ఊరికి దగ్గరగా, కాస్త కిందికి వంచి పెట్టండి. అప్పుడు ఆ కొండే మీకూ అవతలి వాళ్లకీ మధ్య అడ్డుగా ఉండి రెండు వైపులా ఒకే ఛానెల్ వాడుకోనిస్తుంది.

జీపీఎస్ టైమింగ్ కలుపుకోవడం

వంశధార కాలువ కింద చివరి భూములకి నీళ్లు చేరాలంటే వంతులు పెట్టుకుంటారు కదా, ఇక్కడా కావలసింది అదే. అన్ని టవర్లూ ఒకే క్షణంలో పంపి, ఒకే క్షణంలో వింటాయి. మీ టవర్ కస్టమర్ మాట వింటున్నప్పుడు పక్క టవర్ కూడా వింటూనే ఉంటుంది, కాబట్టి పైన చెప్పిన మైనస్ 69 అసలు రాదు. క్షణాలు కలవడానికి ప్రతి టవర్‌కీ జీపీఎస్ గడియారం ఉండాలి.

జీపీఎస్ ఒక్కటే చాలదు. ఫ్రేమ్ (ఒకసారి పంపడం, వినడం పూర్తయ్యే చక్రం) పొడవు, డౌన్‌లోడ్–అప్‌లోడ్ నిష్పత్తి, గరిష్ఠ దూరం సెట్టింగ్ ఇద్దరివీ ఒక్కటే అయ్యుండాలి. మీది 75–25, ఆయనది 50–50 అయితే ఫ్రేమ్‌లో నాలుగో వంతు మీరు పంపుతూ ఉంటారు, ఆయన వింటూ ఉంటాడు. ఆ నాలుగో వంతు ఆయనకి వృథా. వేర్వేరు కంపెనీల రేడియోల మధ్య ఇది సాధారణంగా కుదరదు. ఒకే కంపెనీలో కూడా పాత మోడల్‌కీ కొత్త మోడల్‌కీ కలుస్తుందో లేదో చూసుకున్నాకే డబ్బు పెట్టండి.

టైమింగ్ కలిస్తే ఛానెల్ పంపకం నియమమే మారిపోతుంది. కలవనప్పుడు ఎదురెదురుగా చూసుకునే సెక్టార్లు ఒకే ఛానెల్లో ఉండకూడదు. కలిశాక అవే ఉండొచ్చు, ఎందుకంటే మధ్యలో ఉన్న కస్టమర్ డిష్ మీ టవర్ వైపు చూస్తుంది, అవతలి టవర్ దాని వీపు వైపు ఉంటుంది. ఇప్పుడు ప్రమాదం ఒకే దిక్కుకి చూసే సెక్టార్ల వల్ల. మీ టవర్‌కి పడమర ఉన్న ఊళ్లో కస్టమర్ డిష్ తూర్పుకి చూస్తుంది. మీ టవర్ 3 కిలోమీటర్లు, అదే వరసలో దాని వెనక ఆయన టవర్ 8 కిలోమీటర్లు అయితే, దూరం వల్ల వచ్చే తేడా 8.5 డీబీ మాత్రమే. ఇద్దరి పడమటి సెక్టార్లూ ఒకే ఛానెల్ మీద ఉంటే ఆ ఊరికి డౌన్‌లోడ్ పడిపోతుంది. దీన్ని ఏ జీపీఎస్సూ సరిచేయదు. కాబట్టి కాగితం మీద రెండు టవర్లూ గీసి, ఒకే దిక్కు చూసేవాటికి వేర్వేరు రంగులు వేయండి. ఇలా వేస్తే మూడు టవర్లకి కూడా ఏడు ఛానెళ్లు సరిపోతాయి, కొన్నిచోట్ల మిగులుతాయి.

వదులుకునేవి ఉన్నాయి. నిష్పత్తి కట్టేసినందువల్ల రాత్రి ఖాళీ సమయంలో వచ్చే గరిష్ఠ స్పీడ్ తగ్గుతుంది, పింగ్ (జవాబు రావడానికి పట్టే సమయం) కొన్ని మిల్లీసెకన్లు పెరుగుతుంది. జీపీఎస్ యాంటెనా పిడుగుకి పోయినా, కేబుల్లోకి నీరు చేరినా ఆ టవర్ గడియారం తప్పి, పక్కవాళ్లందరికీ అడ్డు తగులుతుంది. పీక్ అవర్లో మాత్రం అందరికీ నిలకడగా వస్తుంది, కస్టమర్ రీఛార్జ్ చేసేది ఆ నిలకడ చూసే. ముగ్గురు ఒకే మోడల్ రేడియోలు కొనబోతుంటే రెండో ఆలోచన వద్దు, దీనికే వెళ్లండి.

ఒకే టవర్, ఒకే నెట్‌వర్క్

ఇద్దరి ఊళ్లూ కలిసిపోయి, కస్టమర్లు చెరి కొంతమందే ఉన్నప్పుడు రెండు టవర్లు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ఒకరి రేడియోలు, ఇద్దరి బిల్లింగ్. లెక్క ప్రకారం అన్నిటికంటే తక్కువ ఖర్చు ఇదే, గాలి కూడా శుభ్రంగా ఉంటుంది. కానీ కస్టమర్ల వివరాలు, వసూళ్లు, రేపు విడిపోతే టవర్ ఎవరిది అన్నవి ముందే తేలాలి. ఐఎస్‌పీ అనుమతులు వేర్వేరైతే లాగ్‌లు (కస్టమర్ల వాడకం రికార్డులు) ఎవరు ఉంచాలన్నది కూడా తేలాలి. బంధువులో, పాత పరిచయస్తులో అయితే తప్ప నేను దీన్ని మొదటే సూచించను.

మీ ఊరికి ఏది?

రాజాం, బొబ్బిలి లాంటి చదునైన నేల మీద ఇద్దరు ఆపరేటర్లుంటే ఛానెల్ పంపకం, దిశలు సరిచేయడం. ఈ రెండూ చాలు.

చీపురుపల్లి–గరివిడిలా రెండు ఊళ్లు దగ్గరగా ఉంటే, మూడో ఆపరేటర్ మాట వినిపిస్తుంటే, కొత్తగా కొనే రేడియోలన్నీ టైమింగ్ కలిపేవే కొనాలని ఇప్పుడే అనుకోండి. పాతవి పోయేదాకా ఛానెల్ పంపకంతో నడపండి.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో రెండు సంగతులు అదనంగా చూడాలి. మొదటిది కొబ్బరి. 10 కిలోమీటర్ల లింకులో మధ్య భాగాన, రెండు యాంటెనాలని కలిపే చూపు గీత కింద కనీసం 7 మీటర్లు ఖాళీ ఉండాలి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ తోటలు చాలా భాగం నేలకూలాయి. తర్వాత నాటిన మొక్కలు ఏటేటా ఎదుగుతున్నాయి. ఇవాళ ఖాళీగా కనిపించే దారి నాలుగేళ్లకి మూసుకుపోవచ్చు. సిగ్నల్ తగ్గితే పక్కవాళ్లని అనుమానించే ముందు చెట్లని చూడండి. రెండోది సముద్రం. వేసవి సాయంత్రాల్లో నీటి మీద గాలి పొరలు రేడియో తరంగాలని వంచి చాలా దూరం మోసుకెళ్తాయి. సోంపేట, కవిటి వైపు తీరం వెంబడి చూసే సెక్టార్‌కి మామూలుగా వినిపించని దూరపు టవర్ ఆ వేళకి వినిపించొచ్చు. అందుకని మీ ఒప్పందం పక్క మండలంతో ఆగకూడదు, తీరం వెంట ఉన్నవాళ్లందరినీ షీట్‌లోకి తీసుకోండి.

బ్యాక్‌హాల్ సంగతి అందరికీ ఒక్కటే. ఒక 40 మెగాహెర్ట్జ్ బ్యాక్‌హాల్ తీసేస్తే రెండు సెక్టార్లకి చోటు వస్తుంది. బీఎస్‌ఎన్‌ఎల్, ఏపీ ఫైబర్‌నెట్, ఎవరి ఫైబర్ అందితే దానికి మార్చండి. 60 గిగాహెర్ట్జ్ రేడియోలు చవగ్గా దొరుకుతున్నాయని కొనేముందు మన దేశంలో ఆ బ్యాండ్‌కి మినహాయింపు నోటిఫికేషన్ ఉందో లేదో డబ్ల్యూపీసీ దగ్గర చూసుకోండి. వేరే దేశంలో ఫ్రీ అయినంత మాత్రాన ఇక్కడ ఫ్రీ కాదు. అయితే ఏపీ ఫైబర్‌నెట్ తీగలు కరెంటు స్తంభాల మీద వెళ్తాయి. తిత్లీకి వేల స్తంభాలు పడ్డాయి. కాబట్టి 5.8 లింకుని పూర్తిగా విప్పేయకండి, పవర్ ఆపి టవర్ మీదే ఉంచండి.

కాగితం మీద ఏం రాసుకోవాలి

పెద్ద అగ్రిమెంటు అక్కర్లేదు. ప్రతి సెక్టార్‌కీ దిశ, ఛానెల్, వెడల్పు, పవర్. రాత్రిపూట ఫోన్ ఎత్తే మనిషి నంబరు. ఛానెల్ మార్చాలంటే రెండు రోజుల ముందు చెప్పాలన్న మాట. పండగ రోజుల్లో, పరీక్షల సమయంలో మార్పులు వద్దన్న మాట.

కొత్త ఆపరేటర్ వస్తే ఏం చేయాలో కూడా రాయండి. ముందు వచ్చినవాళ్లకే హక్కు అని రాసుకోవాలనిపిస్తుంది. ఈ బ్యాండ్‌లో ఆ హక్కు ఎవరికీ లేదు, కొత్తాయన దాన్ని పట్టించుకోనక్కర్లేదు. పాతవాళ్లు ఇద్దరూ చెరొక ఛానెల్ వదిలి ఆయన్ని షీట్‌లోకి పిలవడం మేలు. బయట ఉంచితే ఆయన 80 మెగాహెర్ట్జ్ పెట్టుకుంటాడు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఏం చేయాలన్నది ఆఖరి అంశం. ఎవరి టవర్ నిలబడితే వాళ్లు మిగతావాళ్లకి తాత్కాలికంగా లింకు ఇవ్వాలి, ఆ వారం ఛానెల్ పంపకం పక్కన పెట్టి పీహెచ్‌సీ, సచివాలయం, బ్యాంకు ఉన్న సెక్టార్లకి ముందు చోటివ్వాలి. ఆ లింకుకి కావలసిన పాస్‌వర్డ్‌లు, ఐపీ అడ్రసులు సెప్టెంబర్ లోపే మార్చుకుని, ఒకసారి కట్టి చూసుకోండి. కరెంటు పోయిన రాత్రి వాటి కోసం వెతకడం కుదరదు.